శాంతికుమార్ గారి ఆదివారం భోజనం

ఆదివారం పొద్దున్నే, పుట్టింట్లో ఎవరూ లేవకముందే, సారిక మంచం కింద నుంచి బరువు చూసే మిషన్ని చప్పుడు కాకుండా లాగి దాని మీద నిలబడింది. అంకెలు కాసేపు అటూ ఇటూ ఆడి డెబ్బై రెండున్నర దగ్గర ఆగాయి. దిగి, చెవులకున్న దిద్దులు కూడా తీసి పక్కన పెట్టి, మళ్ళీ ఎక్కింది. దిద్దులు తీస్తే కిలోలు తగ్గుతాయనుకునేంత అమాయకురాలు కాదు, కానీ ఆశ అలాంటిది. మిషన్ మాత్రం మాట మార్చలేదు.

పోయిన ఆదివారం పొద్దున కూడా ఇదే అంకె. వారమంతా జొన్నరొట్టెలూ, కీరా ముక్కలూ తిని, బ్యారేజీ దాకా రోజూ నడిచి తగ్గించుకున్నదంతా ఎటు పోతోందో ఆమెకు తెలుసు. ఆదివారం హోటల్ భోజనంలో సగం, సాయంత్రాలు తండ్రి కాగితంలో కట్టించి తెచ్చే కాజాల్లో సగం. ఇంకా ఇరవై నాలుగు రోజులే ఉన్నాయి. ఈలోగా డెబ్బైకి రావాలి.

సారిక సన్నబడాలనుకున్నది చీరలు నప్పాలని కాదు. ఆమె తండ్రి శాంతికుమార్ ధవళేశ్వరం ఇరిగేషన్ ఆఫీసులో హెడ్ క్లర్కుగా చేసి రిటైరయ్యాడు. చుక్క ముట్టని మనిషి. అలాంటి మనిషికి లివర్ గట్టిపడిపోయిందని, ఆర్నెల్లలోపు మార్చకపోతే కష్టమని విశాఖపట్నంలో డాక్టర్లు చెప్పారు. భార్య ప్రసన్నకుమారికి షుగరు, ఆవిడ ఇవ్వడానికి పనికిరాదు. ఇక మిగిలింది ఒక్కగానొక్క కూతురు.

ఆ రోజే, ఆ గదిలోనే, శాంతికుమార్ తేల్చి చెప్పేశాడు. "నా కూతురి ఒంటి మీద కత్తి పడటానికి వీల్లేదండి. లిస్టులో నా పేరు రాసుకోండి, వస్తే వస్తుంది." లిస్టులో వంతు వచ్చేదాకా ఆయన ఆగలేడని డాక్టరు సారికని బయటికి పిలిచి చెప్పాడు. దాంతో తల్లీ కూతుళ్ళు, అల్లుడు కిరణ్ కుమార్ ఒక మాట మీద నిలబడి, ఆయనకు తెలియకుండా సారికకి పరీక్షలు చేయించారు. అన్నీ కుదిరాయి గానీ ఆమె లివర్‌కి కొవ్వు పట్టి ఉంది. బరువు తగ్గితే అదీ తగ్గుతుందన్నారు. నెల క్రితం రెండోసారి స్కాన్ తీస్తే అనుకున్నంత తగ్గలేదు. ఆ ఇరవై నాలుగో రోజున ఇంకొక్కసారి చూస్తామన్నారు. ఆ తర్వాత ఆయన ఒంట్లో ఆపరేషన్‌ని తట్టుకునే ఓపిక ఉండదన్నారు.

తండ్రికి మాత్రం, షుగరు వచ్చేలా ఉంది, కాస్త తగ్గమన్నారని చెప్పింది.

వంటింట్లో తల్లి టీ గ్లాసు అందిస్తూ మొహం చూసే పోల్చుకుంది. "తగ్గలేదా?"

"లేదమ్మా. ఇవాళ హోటల్‌కి వద్దని నువ్వు చెప్పకూడదా?"

"చెప్పలేదనుకున్నావా? 'నేనెలాగూ తినలేను ప్రసన్నా, పిల్ల తింటుంటే చూస్తానంటున్నాను, అది కూడా వద్దా' అన్నారు. ఇంకేం మాట్లాడమంటావు?"

ఉప్పు లేని చప్పిడి కూడు తినే మనిషి ఎదురుగా కూర్చుని, ఒక్క ముద్ద తల్లీ అని బతిమాలుతుంటే కాదనడం ఎవరి తరం? ఈ నాలుగు ఆదివారాలూ కన్నీళ్ళు మింగుతూ తిన్నది.

* * *

ఆరాధన అయ్యేసరికి పన్నెండు దాటింది. రాజమండ్రిలో చర్చి గేటు ముందు అందరికీ వందనాలు చెప్పుకుని, ముగ్గురూ మూడు వీధులవతల ఉన్న హోటల్‌కి వెళ్ళారు. సారిక పెళ్ళికాక ముందు నుంచీ ఆ ఇంట్లో ఆదివారం భోజనం అక్కడే. మనవరాలు రూబీ మాత్రం ఈసారి లేదు. వాళ్ళ నాన్న వెంట జంగారెడ్డిగూడెం మామ్మ దగ్గరికి వెళ్ళింది.

మేడ మీద ఫ్యాన్ కింద బల్ల చూపిస్తూ సర్వర్ వీరబాబు నవ్వాడు. నెత్తి నెరిసిన మనిషి. ఇరవై ఏళ్ళుగా వీళ్ళకి వడ్డిస్తున్నాడు. "రండి అయ్యగారండి. చిన్న పాపగారు రాలేదేంటండి?"

"ఊరెళ్ళింది వీరబాబూ. మటన్ బిర్యానీ ఒకటి, రొయ్యల వేపుడు, చేప ఇగురు పట్రా. నాకు మామూలే, ఉప్పు లేని పప్పు, ఇంత అన్నం. అమ్మగారికి పుల్కాలు."

"నాక్కూడా రెండు పుల్కాలు చాలండి, కాస్త ఆకుకూర పప్పు," అంది సారిక.

"పుల్కాలు ఇంట్లో తినవచ్చమ్మలూ. నువ్వు తీసుకురా వీరబాబూ."

ఈ విషయంలో శాంతికుమార్ది పాత పద్ధతి. వద్దన్నవాళ్ళని మూడుసార్లు అడగనిదే అడిగినట్టు కాదని ఆయన నమ్మకం. ఇంటికి కరెంటు బిల్లు ఇవ్వడానికి వచ్చినవాణ్ణి కూడా రెండు ఇడ్లీలు తినిపించి గానీ పంపేవాడు కాదు. తిననివాళ్ళ మీద ఆయనకి నిజంగానే కోపం వచ్చేది. అందుకే ఈ కొసరడం సారికకు కొత్తగా అనిపించలేదు. పోయే ప్రాణం ఇంకాస్త ఎక్కువ కొసరుతోంది అనుకుంది.

ప్లేట్లు వచ్చాయి. వీరబాబు చేతిలోంచి గరిటె తీసుకుని శాంతికుమార్ తనే బిర్యానీ వడ్డించాడు. అడుగు నుంచి తీసి, మంచి ముక్కలు ఏరి మరీ పెట్టాడు. ఈ మధ్య సన్నబడి ఎముకలు తేలిన చేతికి గరిటె కూడా బరువైంది. కూతురి ప్లేటు నిండాక గరిటె కింద పెట్టి అన్నాడు.

"అమ్మలూ, నువ్వు ప్రార్థన చెయ్యి."

సారిక తలెత్తి చూసింది. తనకు గుర్తున్నంతలో ఆ బల్ల దగ్గర ప్రార్థన ఎప్పుడూ ఆయనదే. జ్వరంతో ఉన్నా, తొందర్లో ఉన్నా, పక్క బల్లవాళ్ళు తేరిపార చూస్తున్నా మానేవాడు కాదు. అలాంటిది నాలుగు వారాలుగా రూబీ చేత చేయిస్తున్నాడు. పిల్లలకి అలవాటవ్వాలి అంటే నిజమే కదా అనుకున్నారు. ఇవాళ రూబీ లేదు.

"మీరు చెయ్యండి డాడీ. మీ నోట విని చాలా రోజులైంది."

"నువ్వే చెయ్యమ్మా. నాకు ఆయాసంగా ఉంది."

"ఇందాక చర్చిలో నాలుగు కీర్తనలు పాడారుగా," అంది ప్రసన్నకుమారి. "చెయ్యండి, చల్లారిపోతోంది."

ఆయన కళ్ళు మూసుకున్నాడు. చేతులు కట్టుకున్నాడు. "పరలోకమందున్న మా తండ్రీ, ఈ ఆహారాన్ని మాకు దయచేసినందుకు నీకు స్తోత్రం. దీన్ని ఆశీర్వదించు. మా బిడ్డ శరీరానికి ఆరోగ్యంగా..."

ఆగిపోయాడు. ఆ మాటే ఇంకోసారి అందుకోబోయాడు. అక్కడే మళ్ళీ ఆగాడు. సారిక కళ్ళు తెరిచి చూసేసరికి మూసిన ఆయన కళ్ళ కింద నుంచి నీళ్ళు కారుతున్నాయి.

"డాడీ, నొప్పిగా ఉందా?"

ఆయన తల అడ్డంగా ఊపాడు. "దీని మీద ప్రార్థన చెయ్యలేనమ్మా. దేవుడితో అబద్ధమాడలేను."

"అబద్ధం ఏంటండీ?" అంది ప్రసన్నకుమారి.

"ఆస్పత్రి నుంచి ఫోన్ వచ్చింది. నెల అయింది. సారిక గారి స్కాన్ రిపోర్టు గురించి, వాళ్ళ ఫాదరాండి అని అడిగింది ఆ అమ్మాయి. కొవ్వు ఇంకా తగ్గాలి, నూనె పదార్థాలు పెట్టకండి, అలా ఉంటే లివర్ తీసుకోరు అని చెప్పింది."

సారికకి అర్థం కావడానికి క్షణం కూడా పట్టలేదు. కాలేజీలో చేరినప్పటి నుంచి ఏ ఫారం నింపినా, ఫోన్ నంబర్ అన్నచోట చెయ్యి దానంతటదే తండ్రి నంబరు రాస్తుంది. పెళ్ళయి ఎనిమిదేళ్ళయినా ఆ అలవాటు పోలేదు. ఆయనకు తెలియకూడదని దాచిన పరీక్షల కాగితం మీద కూడా ఆయన నంబరే రాసి వచ్చింది.

"అంటే మీకు తెలిసి..." ప్లేటు వైపు చూసింది. బిర్యానీలో నెయ్యి మెరుస్తోంది. "తెలిసే పెట్టారు."

"తెలిసే పెట్టాను. నేను వద్దంటే నువ్వు వినవు. వాళ్ళే వద్దంటే నీ మీద తప్పు ఉండదు, నా మీద ఉండదు. అంతా సవ్యంగా అయిపోతుందనుకున్నాను." తువ్వాలుతో మొహం తుడుచుకున్నాడు. "నాకు అరవై ఏడు. నా పని అయిపోయింది. నీకు అయిదేళ్ళ పిల్ల ఉంది. ఆ ఆపరేషన్ బల్ల మీద నీకేదన్నా అయితే దాని మొహం నేనెలా చూడనమ్మా? కాజాలు కట్టించిన ప్రతిసారీ దారిలో పారేద్దామనుకునేవాణ్ణి. అయినా తెచ్చాను."

ప్రసన్నకుమారి తన ప్లేటు పక్కకి జరిపింది. మెల్లగా అంది. "మీరొక్కరే తండ్రి అనుకున్నారు. దాన్ని కన్నదాన్ని నేను. దాన్ని ఆ బల్ల ఎక్కించడానికి ఒప్పుకున్న రోజు రాత్రంతా కన్ను మూయలేదు. మిమ్మల్ని బతికించమని అడగాలో, దాన్ని కాపాడమని అడగాలో తెలియక మోకాళ్ళ మీదే తెల్లారింది. నన్నొక్క మాట అడిగారా మీరు?"

ఆయన భార్య వైపు చూడలేకపోయాడు.

సారికకి కోపం వచ్చింది. పక్క బల్ల మీద పుట్టినరోజు కేకు కోస్తున్నారు, కాబట్టి గొంతు పెంచలేదు. "ఒక్కటి చెప్పండి డాడీ. మీరనుకున్నట్టే వాళ్ళు నన్ను వద్దన్నారనుకోండి. మీరు వెళ్ళిపోయారనుకోండి. అప్పుడు నేనేమనుకుంటాను? నోరు కట్టుకోలేకపోయాను, అందుకే మా నాన్న పోయాడు అనుకోనా? నాలుగు వారాలుగా అదే అనుకుంటున్నాను. రాత్రి పడుకుంటే తిన్న ప్రతి ముద్దా గుర్తొస్తోంది. నా నోటితో నేనే మా నాన్నని తినేస్తున్నానని ఏడ్చుకున్నాను. మీరు పోయాక ఇక జన్మలో ఒక్క పూటైనా అన్నం ముందు కూర్చోగలనా నేను? రూబీకి అలాంటి తల్లినా మీరు మిగిల్చేది?"

శాంతికుమార్ నిశ్చేష్టుడైపోయాడు. కూతుర్ని కత్తి నుంచి తప్పించాలన్న ధ్యాసలో ఈ సంగతి ఆయన మనసుకు తట్టనే లేదు. ఇంటికొచ్చిన ఎవరికీ ఆకలి మిగల్చని మనిషి, తన బిడ్డకి అన్నం మీదే భయం పుట్టించాడు. అది తెలిసొచ్చి రెండు చేతులతో మొహం కప్పుకున్నాడు. వయసు మళ్ళిన మనిషి అందరి మధ్యా అలా వెక్కివెక్కి ఏడుస్తుంటే సారిక లేచి వెళ్ళి పక్కన కూర్చుంది. ఆయన తల ఆమె భుజం మీదకి ఒరిగింది. ఎంత తేలికైపోయాడో అప్పుడే తెలిసింది ఆమెకి.

"భయంగా ఉందమ్మలూ."

"నాకూ ఉంది డాడీ. కలిసే భయపడదాం. దాచుకుని వద్దు."

వీరబాబు దూరం నుంచి చూసి, నీళ్ళ జగ్గు పట్టుకుని వచ్చి నిలబడ్డాడు. "ఏమన్నా తేడా వచ్చిందాండి వంటలో? మార్చి తెమ్మంటారాండి?"

శాంతికుమార్ కళ్ళు తుడుచుకున్నాడు. కూతురి ముందున్న ప్లేటు తనే తీసి వీరబాబు చేతికిచ్చాడు. "వంట బాగానే ఉంది. ఇవన్నీ కట్టించు, పాస్టరు గారింట్లో ఇచ్చి వెళ్తాం. పిల్లకి రెండు పుల్కాలు పట్రా. నెయ్యి రాయకుండా చెప్పు. ఆకుకూర పప్పు కూడా."

పుల్కాలు వచ్చేలోగా ఆయన అడిగాడు. "ఇంకా ఎంత తగ్గాలి?"

"రెండున్నర కిలోలు. ఇరవై నాలుగు రోజులుంది."

"రేపట్నుంచి నేనూ వస్తాను నడకకి. బ్యారేజీ దాకా రాలేను గానీ, మలుపు దాకా వచ్చి కూర్చుంటాను. నువ్వు వెళ్ళొచ్చేదాకా అక్కడే ఉంటాను."

పుల్కాలు వేడివేడిగా వచ్చాయి. వాటిని కూతురి ప్లేటులో పెట్టి, ఎవరూ చెప్పకుండానే ఆయన కళ్ళు మూసుకున్నాడు. ఈసారి గొంతు సన్నగానే అయినా ఆగకుండా వచ్చింది. "తండ్రీ, ఈ ఆహారాన్ని ఆశీర్వదించు. మా బిడ్డ శరీరానికి ఆరోగ్యంగా, బలంగా మార్చు. దాన్ని నీ చేతుల్లో పెడుతున్నాను. నన్ను క్షమించు. ఆమెన్."

"ఆమెన్," అన్నారు తల్లీ కూతుళ్ళు.

సారిక రెండు పుల్కాలూ నెమ్మదిగా తిన్నది. నాలుగు వారాల తర్వాత ఆమెకి తిండి రుచి తెలిసింది. తండ్రి ఆమె తినడం చూస్తూ తన చప్పిడి అన్నం కలుపుకున్నాడు. ఆమె ప్లేటు ఖాళీ అయ్యేసరికి ఆయన చెయ్యి అలవాటుగా పుల్కాల గిన్నె వైపు వెళ్ళింది.

"ఇంకోటి వెయ్యనా అమ్మలూ?"

"వద్దు డాడీ. చాలు."

శాంతికుమార్ గిన్నె మీద మూత పెట్టేశాడు. ఇంకోసారి అడగలేదు.