ముప్పై ఏడో అంకె

"మంచు ఆగనేలేదు. దారిలో కారు జారితే? ఈత మధ్యలో వీడికి ఊపిరాడకపోతే? ఆ జనం మళ్ళీ నోరు పారేసుకుంటే?" గుడ్లు గిలకొడుతూ పైకే అనేసింది లొరేన్.

"అమ్మా, ఇంకా టిఫినైనా తినలేదు. అప్పుడే చంపేస్తున్నావా?" నవ్వాడు గ్రేడీ.

ఆమెకు నవ్వు రాలేదు. ఆడపిల్లగా పుట్టి, కాలేజీ అమ్మాయిల ఈత జట్టులో రెండేళ్ళు అందరికంటే ముందు గోడ తాకిన బిడ్డ. తాను మగవాణ్ణని చెప్పి, నిరుడు మగపిల్లల జట్టులోకి మారాడు. అప్పటినుంచి ప్రతి పోటీలోనూ చివరివాడే. కాలేజీలో ఇవాళ్టిదే ఆఖరి పోటీ, మైలు ఈత. కొలను పొడవునా అరవై ఆరుసార్లు ఈదాలి. లెక్క తప్పకుండా గట్టు మీద ఒకరు మోకాళ్ళూని, అంకెల పలకను నీళ్ళలోకి దించి చూపించాలి. ఆఖరి పోటీలో ఆ పని ఇంటివాళ్ళు చెయ్యడం జట్టు ఆనవాయితీ.

చిన్నప్పటినుంచీ ఆ పలక తండ్రి డ్వైట్ చేతిదే. మొన్న నవంబరు పోటీలోనూ అతనే పట్టాడు. జనం కూర్చునే మెట్ల మీంచి ఎవరో గ్రేడీని వెక్కిరిస్తూ కేకలేయగానే, ముప్పై ఏడో అంకె దగ్గర పలక గట్టున పడేసి వెళ్ళిపోయాడు. లెక్క తప్పి గ్రేడీ రెండు పొడవులు ఎక్కువ ఈదాడు. జనం పగలబడి నవ్వారు. ఆ రోజునుంచి తండ్రీకొడుకుల మధ్య మాటల్లేవు.

"నాన్నా, ఇవాళ పలక పడతావా?" అడిగాడు గ్రేడీ.

డ్వైట్ కప్పులో ఇంకాస్త కాఫీ వంపుకున్నాడు.

"నేను పడతాలే," అంది లొరేన్ కంగారుగా.

"నువ్వా? నేను మునిగినప్పుడల్లా కళ్ళు మూసుకుంటావు కదమ్మా!"

లొరేన్ భర్త వైపు తిరిగింది. "మాట్లాడవేం డ్వైట్? కన్నబిడ్డంటే అంత సిగ్గా? నీ పరువే పరువా? నీళ్ళలో ఒంటరిగా మిగిలినవాడికి లేదా?"

పెనం మీద గుడ్లు మాడాయి. మంచు తోసే బండి వీధి చివరిదాకా వెళ్ళి తిరిగొచ్చింది. గ్రేడీ సంచి తగిలించుకుని తలుపు పిడి మీద చెయ్యి వేశాడు.

"సిగ్గు వాడంటే కాదు, నేనంటేనే." అన్నాడు డ్వైట్. "ఆ రోజు వాడు గోడ దగ్గర వెనక్కి తిరుగుతూ నాకోసం వెతికాడు. ఈతకొలను గుమ్మంలో నిలబడి చూస్తూనే ఉన్నాను. అయినా వెనక్కి రాలేకపోయాను."

కప్పు పక్కకు జరిపి లేచాడు.

"లొరేన్, మోకాళ్ళ కిందికి ఆ పాత తువ్వాలు ఇటియ్యి. ఇవాళ ఆఖరి అంకెదాకా లేవను."