మంచు కురుస్తుందన్న గురువారం

"పార్సిల్ గురువారం పైకి వెళ్ళాలి," అన్నాడు కర్నల్ ఎగ్లి. "ఆ తర్వాత వీలుపడదు."

కాస్పర్ ష్ట్రైఫ్ కారణం అడగలేదు. బెర్న్‌లోని ఆ గదిలో, అడగనివాళ్ళకే కారణాలు చెబుతారు.

కర్నల్ టెలెక్స్ కాగితం ఒకటి బల్ల మీద ముందుకు తోశాడు. నవంబరు రెండో సగానికి కొండప్రాంతపు వెదర్ ఔట్‌లుక్. ఉత్తరం నుంచి చలి. గాలి ఉండదు. గురువారం మధ్యాహ్నం నుంచి లోయ అడుగుదాకా మంచు. ఆపైన వారమంతా ఎడతెరిపి లేకుండా.

"స్కీ హోటళ్ళవాళ్ళు పండగ చేసుకుంటున్నారు. మనకే చిక్కు. మంచు మొదలైతే పైన పీఠభూమి మీద హెలికాప్టర్ దిగదు. రోడ్డు మీదేమో వాళ్ళ మనుషులు కాపు కాస్తున్నారు."

పార్సిల్ అంటే ప్రొఫెసర్ యారోమీర్ సెడ్లాక్. సముద్రం అడుగున సబ్‌మెరైన్ల చప్పుడు పట్టే యంత్రాలు తయారుచేసిన మనిషి. నెల క్రితం వియన్నాలో ఒక సదస్సు మధ్యలో లేచి, కోటు కూడా తీసుకోకుండా ఇవతలికి వచ్చేశాడు. ఆయన్ని ప్రాణాలతో పోనివ్వకూడదని అవతలివాళ్ళు ఒక ముఠాను పంపారు.

"వాళ్ళ షూటర్ కొండ మీద ఎక్కడో ఉన్నాడు. ఎక్కడో తెలీదు. కేబుల్ కార్ స్టేషన్ అతనికి కనబడదు, మధ్యలో గుట్ట అడ్డం. క్యాబిన్ గుట్ట దాటితేనే కనబడుతుంది. సీజన్ ముందు కదా, నీలం కోట్లు వేసుకున్న పనివాళ్ళు సామాన్లతో ఎక్కుతూ దిగుతూ ఉంటారు. మనవాడికీ అదే నీలం కోటు వేస్తాం. ఏ క్యాబిన్‌లో ఉన్నాడో షూటర్‌కి ఎవరో చెప్పాలి. రేడియో వాడితే మన వ్యాన్ పట్టేస్తుంది. అందుకని పొగ."

"పొగా?"

"స్టేషన్ ఎదురుగా ఒక చెక్క ఇల్లు అద్దెకు తీసుకున్నారు. పార్సిల్ ఎక్కగానే పొయ్యిలో పచ్చి కొమ్మలు వేస్తారు. గాలి లేని చలిరోజు. నల్లపొగ నిటారుగా లేచి గుట్ట దాటుతుంది. వాళ్ళూ ఈ ఔట్‌లుక్కే చదివారు."

"ఇదంతా ఎవరు చెప్పారు సార్?"

"ఆ కొమ్మలు వేసే మనిషే. థెక్లా. ముందు ఒక క్యాబిన్‌లో బొమ్మకు కోటు తొడిగి పంపుతావు. దానికే ఆమె పొగ పెడుతుంది. షూటర్ కాలుస్తాడు, కొండ మీద మనవాళ్ళు అతన్ని పట్టుకుంటారు. ఆ తర్వాత నువ్వూ పార్సిలూ."

"ఆమెను నమ్మొచ్చా?"

"వాళ్ళు నమ్ముతున్నారు," అన్నాడు కర్నల్.

*

ఆ కేబుల్ కార్ ఉన్న గ్రాట్‌మాట్ కాస్పర్ పుట్టిన ఊరు. అందుకే ఈ పని అతనికి పడింది. గురువారం పొద్దున అతను తలనొప్పితో నిద్రలేచాడు.

నుదుటి మీద, కనుబొమలకు కాస్త పైన, ఎవరో బొటనవేలితో నొక్కుతున్నట్టు. ఈ లోయలో తలనొప్పికి ఒకటే కారణం చెబుతారు. ఆవు పాలివ్వకపోయినా, మొగుడూ పెళ్ళాం కొట్టుకున్నా, ఎవరైనా ఉరేసుకున్నా అదే కారణం: ఫ్యోన్. దక్షిణపు కొండలు దాటి లోయలోకి దూకే వెచ్చటి పొడిగాలి. కాస్పర్ తల్లి గాలి రావడానికి ముందురోజే తడిగుడ్డ నుదుట వేసుకుని పడుకునేది. ఆ తడిగుడ్డ నుంచి పారిపోవడానికే అతను జూరిక్ వెళ్ళి మనస్తత్వశాస్త్రం చదివాడు. నొప్పి గాలిలో ఉండదని, మనిషి తనకు తాను చెప్పుకోని మాటలో ఉంటుందని అక్కడ నేర్చుకున్నాడు. ఆ నేర్చుకున్నది అతనికి సొంత ఇల్లు కొనుక్కున్నంత తృప్తినిచ్చింది.

కాబట్టి ఇప్పుడు నొప్పిని తిరగేసి చూసుకున్నాడు. భయం. ఎవరంటే? థెక్లా అంటే. ఆమె మోసం చేస్తుందనా? కాదు, ఆమె మోసం చేస్తే తను ఆశ్చర్యపోడేమోనని. సమాధానం చక్కగా కుదిరింది. నొప్పి మాత్రం తగ్గలేదు.

రొట్టెల దుకాణంలో ఊరంతా ఔట్‌లుక్ గురించే మాట్లాడుతోంది.

"మధ్యాహ్నానికల్లా మోకాలిలోతు," అన్నాడు కేబుల్ కార్ నడిపే ఫ్రిడ్లి. "రేడియోలో రెండుసార్లు చెప్పారు."

"రేడియోవాడికేం, నోరుంది చెబుతాడు," అన్నాడు మాంసం కొట్టు బాల్ట్స్. "ఏరా కాస్పర్, ఏంటి ఆ మొహం? బెర్న్‌లో మాంసం దొరకడం లేదా?"

"తలనొప్పి మామా."

"పెళ్ళి చేసుకోరా, దీనికో తోడు తలనొప్పి ఉంటుంది."

నవ్వుల మధ్య థెక్లా లోపలికి వచ్చింది. ఒంటెరంగు పొడవాటి కోటు, నల్లకళ్ళద్దాలు, ఊళ్ళో ఎవరికీ లేనంత నెమ్మదైన నడక. బాల్ట్స్ మాట మధ్యలో ఆపి టోపీ సర్దుకున్నాడు.

"ఈసారి మంచు తొందరగా వస్తుందంటారా?" అంది ఆమె రొట్టెల వైపు చూస్తూ.

"స్కీలకు మైనం పూసి ఉంచాను," అన్నాడు కాస్పర్.

కోడ్ కలిసింది. డబ్బు ఇచ్చి బయటికి నడిచారు. ఆమె చేతితొడుగు బొత్తాలు పెట్టుకుంటూ మాట్లాడింది.

"మొదటి క్యాబిన్‌కే పొగ పెడతాను. మా ముఠా పెద్ద ప్లాట్ నా వెనకే నిలబడి ఉంటాడు. నా చేతులు వణికితే కనిపెట్టేస్తాడు."

"వణుకుతాయా?"

"నీకు వణకవా?"

ఆమె కళ్ళద్దాల్లో కాస్పర్‌కు తన ముఖమే కనిపించింది, రెండుసార్లు. ఆమె అబద్ధం చెబుతోందా అని వెతకడం మానేసి, తనకు ఏది నిజమైతే బాగుండునో వెతుకుతున్నానని అప్పుడు గమనించాడు.

*

బొమ్మ ఎక్కిన క్యాబిన్ బయల్దేరింది. స్టేషన్ కిటికీ దగ్గర నిలబడి కాస్పర్ ఎదురింటి చిమ్నీ వైపు చూశాడు.

పొగ లేదు.

క్యాబిన్ మొదటి స్తంభం దాటింది. గుట్ట దాటింది. ఊళ్ళో మిగతా చిమ్నీలన్నీ వంటల పొగ వదులుతున్నాయి. ఆ ఒక్కటి మాత్రం శుభ్రంగా, కడిగి బోర్లించిన గిన్నెలా ఉంది.

అతను కాఫీ ఫ్లాస్కు మూత తిప్పాడు. లోపల ట్రాన్స్‌మిటర్.

"కాల్పులు లేవు," అంది కర్నల్ గొంతు.

"పొగే లేదు సార్."

కొంచెంసేపు గరగర. "పార్సిల్ ఎక్కించు."

"సార్, ఆమె అటు మారి ఉంటే పొగ మా క్యాబిన్‌కే లేస్తుంది."

"మారలేదేమో. కుదరలేదేమో. మధ్యాహ్నానికి మంచు. హెలికాప్టర్ ఆగదు. ఔట్‌లుక్ నువ్వూ చదివావు."

కాస్పర్ మూత బిగించాడు. ఇలాంటప్పుడు కోపం రావాలి. రాలేదు. చెప్పిన పని చేసేటప్పుడు దొరికే ఆ చల్లటి సుఖం ఒకటి వచ్చింది, దాని వెనకే సిగ్గు.

ప్రొఫెసర్ సెడ్లాక్ నీలం కోటులో బెంచీ మీద కూర్చుని ఉన్నాడు. కోటు చేతులు పొడుగైపోయి వేళ్ళు మాత్రమే కనిపిస్తున్నాయి. "వెళదామా నాయనా? నేనెప్పుడూ దీంట్లో ఎక్కలేదు. నా పని అంతా నీళ్ళ అడుగున."

క్యాబిన్ కదిలింది. ఇళ్ళకప్పులు కిందికి జారిపోయాయి. కాస్పర్ కళ్ళు చిమ్నీ మీదే ఉన్నాయి.

"ఆ ఇంట్లో ఎవరున్నారు?" అన్నాడు ప్రొఫెసర్.

"తెలిసినవాళ్ళు."

"దిగిపోవడానికి వీలుందా?"

"లేదు ప్రొఫెసర్ గారూ."

"అలాగైతే నాకు చెప్పకు," అన్నాడు ఆయన మెల్లగా. "ఈ కొండలన్నా చూసుకుంటాను."

క్యాబిన్ గుట్ట అంచు దాటిందో లేదో, ఒక్క కుదుపుతో ఆగిపోయింది. మరుక్షణం పక్కకు ఊగింది. అద్దం సందులోంచి వెచ్చటి గాలి కాస్పర్ చెంపకు తగిలింది, తెరిచిన పొయ్యి నోట్లోంచి వచ్చినట్టు. దక్షిణాన మేఘం గోడలా నిలిచింది. దాని ఇవతల ఆకాశం నీలంగా, దూరపు శిఖరాలు చేత్తో తాకేటంత దగ్గరగా ఉన్నాయి.

గోడమీది ఫోను మోగింది. "కాస్పర్, ఆపేశాను," అన్నాడు ఫ్రిడ్లి. "ఫ్యోన్ దిగింది. మంచట, మంచు. వాళ్ళ మొహం. గాలి తగ్గేదాకా కదలదు. పట్టుకుని కూర్చోండి."

తలనొప్పి తలనొప్పే. తన చదువంతా పెట్టి పొద్దుటినుంచీ దానికి అర్థం చెప్పుకున్నాడు. తడిగుడ్డ వేసుకునే తల్లికి ఒక్క క్షణం పట్టేది.

ఇప్పుడు వాళ్ళు గాలిలో వేలాడుతున్నారు. అటువైపు కొండవాలు మొత్తం వాళ్ళకు కనబడుతోంది. అంటే ఆ వాలు మీద ఎక్కడో ఉన్న తుపాకికి వాళ్ళూ కనబడుతున్నారు. దానికి ఒక్క కబురు అందడమే తక్కువ.

కింద ఊళ్ళో చిమ్నీలు ఒకటొకటిగా ఆరిపోతున్నాయి. కాస్పర్‌కు అర్థం కావడానికి కాస్త సమయం పట్టింది. గాలికాపలా. ఎప్పుడో ముత్తాతల కాలంలో ఇలాంటి గాలిలో ఒక్క నిప్పురవ్వ ఊరంతా తినేసింది. అప్పటినుంచీ ఫ్యోన్ దిగిందంటే ఊళ్ళో పొయ్యి వెలగకూడదు, చుట్ట ముట్టించకూడదు. కాపలావాళ్ళు ఏ ఇంట్లోకైనా అడక్కుండా వెళ్ళి నిప్పు ఆర్పేస్తారు. అదిగో, బాల్ట్స్ మామ. మాంసం కొట్టు ఏప్రన్ మీదే చేతికి ఎర్రపట్టీ కట్టుకుని, బకెట్‌తో గడప గడపకూ తిరుగుతున్నాడు. వెనక ఇంకో ఇద్దరు.

అప్పుడు ఆ చిమ్నీలోంచి పొగ వచ్చింది.

ముందు పోగులా సన్నగా, తర్వాత నల్లగా, చిక్కగా. గాలి దాన్ని కప్పుకు అదిమి చీల్చేసింది. కాస్పర్ ఊపిరి వదిలేలోపు గాలే ఊపిరి బిగపట్టింది. ఫ్యోన్ అలాగే వస్తుంది, విరామాలతో. పొగ నిటారుగా లేచి గుట్ట అంచు వైపు ఎక్కసాగింది.

అతను ప్రొఫెసర్‌ను కిందికి లాగి మీద పడుకున్నాడు. క్యాబిన్ గోడ రేకుది. దాన్నీ, తననూ, ఆయన్నీ కలిపి ఒక్క తూటా కుడుతుంది. ఆ సంగతి తెలిసే పడుకున్నాడు, చెయ్యడానికి ఇంకేమీ లేదు గనక. కింద ముసలాయన గుండె చప్పుడు వినిపిస్తోంది. తనది వినిపించడం లేదు. థెక్లా, అనుకున్నాడు. కొమ్మలు వేసే ఆ చేతులు ఇప్పుడు వణుకుతున్నాయా?

ఏమీ జరగలేదు.

ఇంకా ఏమీ జరగలేదు.

తలెత్తి చూశాడు. గుట్ట అంచుకు బారెడు కింద నల్లపొగ తెగిపోయి ఉంది. దాని కింద చిమ్నీలోంచి తెల్లటి ఆవిరి బుస్సున లేచి, చెదిరి, ఆగిపోయింది. గాలి మళ్ళీ అందుకుంది.

*

సాయంత్రానికి గాలి కొంచెం తగ్గాక ఫ్రిడ్లి క్యాబిన్‌ను మెల్లగా కిందికి దించాడు. కర్నల్ పంపిన సిపాయిలు ప్రొఫెసర్‌ను జీపులో కూర్చోబెట్టారు. రోడ్డు మీది కాపలా మనుషులు గాలికి ముందే జారుకున్నారట. ఆయన నీలం కోటు విప్పడానికి ఒప్పుకోలేదు.

ప్లాట్ ఇంకొకడితో పాటు ఫైర్ స్టేషన్ వెనకగదిలో బందీగా ఉన్నాడు. బయట బాల్ట్స్ కుర్చీ వేసుకుని కూర్చున్నాడు.

"పొయ్యి ఆర్పమంటే నా మీద పిస్తోలు ఎత్తాడురా. చూడు వీడి పొగరు. ముందు నిప్పు ఆర్పనీ, తర్వాత దాంతో ఆడుకుందువు గాని, అని బకెట్ బోర్లించాను. మిగిలిన నీళ్ళు వాడి మీద పోశాను. గాలి ఆగేదాకా వదిలేది లేదు."

"ఆ రెండోవాడెవరు మామా?"

"వాడా? పైన గడ్డికొట్టంలో సిగరెట్ ముట్టించాడు. గడ్డికొట్టంలో, ఫ్యోన్ రోజున. తన్నకుండా తీసుకొచ్చాం, అదే ఎక్కువ."

"వాడి దగ్గర రైఫిల్ లేదా?"

"ఉంది. ఎవరింట్లో లేదు? గోడకు ఆనించి వచ్చాం, తర్వాత తెచ్చుకుంటాడులే."

థెక్లా పంపు దగ్గర ముఖం కడుక్కుంటోంది. ఒంటెరంగు కోటు మసిబారి ఉంది. కళ్ళద్దాలు లేవు. కళ్ళు ఎర్రగా, మామూలుగా, అలసిపోయి ఉన్నాయి.

"మొదటి క్యాబిన్‌కే వేశాను," అంది. "పొగ పైకి పోలేదు. చిమ్నీలోంచి గాలి కిందికి తోసేసింది. గదంతా పొగ. ఇద్దరం దగ్గుతూ కిటికీలు తెరిచాం. ఆ కొమ్మలే తర్వాత అంటుకున్నాయి, నీ క్యాబిన్‌కి. నేను మళ్ళీ వెయ్యలేదు."

గాలి వచ్చేముందు ఈ లోయలో, మిగతావి బాగానే ఉన్నా, ఒక్కో చిమ్నీ అలాగే చేస్తుంది. అది నిజమే. అది తెలిసిన ఎవరైనా అబద్ధంగా చెప్పగలరు, అదీ నిజమే. కాస్పర్ ఆమె చేతుల వైపు చూశాడు. వణుకుతున్నాయి. నీళ్ళు చల్లగా ఉన్నాయి.

ఆమె మోసం చేసి ఉంటే బాగుండేదని అతనికి అనిపించింది. తనను ఎవరో ఒకరు చంపాలనుకున్నట్టయినా ఉండేది. ఆమె చెప్పిందే నిజమైతే పొద్దుటినుంచీ ఎవరూ ఏమీ చెయ్యలేదు, ఆమే కాదు, తనూ కాదు. చంపబోయింది గాలి, ఆపింది కూడా గాలే.

"నమ్ముతున్నావా?" అంది ఆమె.

"తువ్వాలు తెస్తాను," అన్నాడు.

లోపల ఫోను మోగింది. కర్నల్ ఎగ్లి చాలాసేపు మెచ్చుకున్నాడు. ప్లానింగ్ అన్నాడు, టైమింగ్ అన్నాడు, షూటర్‌ను పట్టిన తీరు శిక్షణలో పాఠంగా పెడతానన్నాడు. కాస్పర్ "అవును సార్" అంటూ పోయాడు.

"పార్సిల్ రేపు ఎగరాలి. అక్కడ రేపటికి ఏమంటున్నారు?"

"నిశ్చలంగా ఉండి మధ్యాహ్నం మంచు పడుతుందంటున్నారు సార్."

"ఎవరు?"

"ఇవాళ్టికి మంచు చెప్పినవాళ్ళే."