చినమేరకలో మాట్లాడే ఛార్జర్

పదకొండో బ్యాటరీని మట్టిగూట్లో పెట్టి వైరు తగిలించేసరికి పల్లాలమ్మ చీర వీపుకి అంటుకుపోయింది. ఇంకా తొమ్మిది ఉన్నాయి. గోడ గడియారం ఒంటిగంటన్నర చూపిస్తోంది.

చినమేరకలో అప్పటికి వరి వేసేవాళ్లు లేరు, ఎటు చూసినా రొయ్యల చెరువులే. గట్ల మీద మనుషులు తిరిగే రోజులూ పోయాయి. గద్దంత డ్రోన్ ఒకటి చెరువు మీదికి ఎగిరి, సెన్సర్‌ని తాడుతో నీళ్లలో ముంచి, ఆక్సిజన్ ఎంతుందో చెప్పేస్తుంది. ఆ డ్రోన్లలో ఉండేవి బొమ్మ విమానాలు ఎగరేసే సరదారాయుళ్లు వాడే లిథియం బ్యాటరీలే. తేలిక, చవక, కోపం మాత్రం జాస్తి. సొసైటీ రైతులందరి బ్యాటరీలకూ ఛార్జింగ్ పెట్టే షెడ్డు పల్లాలమ్మది.

పోయిన వేసవిలో ఆ షెడ్డు కాలిపోయింది. ఎవరో మహానుభావుడు నిండు బ్యాటరీని ఖాళీదని చెప్పి ఇచ్చాడు. పల్లాలమ్మ దాన్ని మిగతావాటితో కలిపి ఒకే బోర్డుకి తగిలించింది. ఛార్జర్ స్విచ్ వెయ్యకముందే మంట లేచింది. తప్పు ఆమెదేనని సొసైటీ ప్రెసిడెంటు వెంకటపతిరాజు తేల్చేశాడు. మళ్లీ కట్టుకున్న షెడ్డుకి ఇవాళే ఆఖరి అవకాశం ఇచ్చారు. పొద్దుటినుంచీ మబ్బు పట్టి ఉంది, మబ్బేస్తే నీళ్లలో ఆక్సిజన్ పడిపోతుంది, డ్రోన్లన్నీ ఒకేసారి లేవాలి. మూడింటికల్లా ఇరవై బ్యాటరీలూ నింపితే షెడ్డు ఉంటుంది, లేకపోతే తాళం పడుతుంది. ముగ్గురు ఆడపిల్లల చదువు ఆ షెడ్డు మీదే నడుస్తోంది కాబట్టి తాళం అన్న మాట పల్లాలమ్మ చెవిలోకి పోనివ్వలేదు.

ఈసారి ఆమె పక్కన కొత్త మిషనూ, దాన్ని తయారుచేసిన శాస్త్రవేత్త వకుళా ఉన్నారు.

"రెండు చెరువుల మధ్య తూము ఒక్కసారిగా ఎత్తేస్తే ఏమవుతుంది పల్లాలమ్మగారూ?" అని మొదటిరోజే అడిగింది వకుళ.

"నిండు చెరువు ఖాళీ చెరువు మీద పడిపోద్దండి. గట్టు తెగిపోద్ది."

"బ్యాటరీలూ అంతే. వోల్టేజి తేడాగా ఉన్నవాటిని కలిపితే ఒకదాంట్లోది ఇంకోదాంట్లోకి దూకుతుంది. ఈ మిషన్ తూముని వెంట్రుకవాసి మాత్రమే ఎత్తుతుంది. అన్నీ ఒక మట్టానికి వచ్చాకే పూర్తిగా తెరిచి కలిపి నింపుతుంది. ఒకటి వేడెక్కినా దాని గూడు దానిదే, పక్కదానికి అంటుకోదు."

ఇంకో గుణం కూడా ఉంది దానికి. బ్యాటరీ లోపలి నిరోధం కొలిచి, అది ఎన్నిసార్లు ఛార్జయిందో అంచనా కడుతుంది. వయసు మీరినదైతే తీసుకోదు, కారణం పైకే చెబుతుంది.

రెండింటికి పంతొమ్మిది గూళ్లలో పచ్చదీపాలు వెలిగాయి. ఇరవయ్యోది ప్రెసిడెంటుగారిది. తగిలించగానే ఎర్రదీపం వెలిగింది.

"ఇరవయ్యో బ్యాటరీ ఉబ్బింది. ఏడువందల నలభై సార్లు ఛార్జ్ అయింది. వాడరాదు," అంది మిషన్, రేడియోలో వార్తలు చదివినట్టు.

గుమ్మంలో రైతులంతా నిలబడి ఉన్నారు. రాజుగారి ముఖం మాడిపోయింది.

"దానికేం తెలుసే! ఇరవై అన్నాం, ఇరవై నింపాలి. ఆ ఒక్కదాన్నీ పాత బోర్డుకి తగిలించెయ్యి పల్లాలమ్మా."

"తగిలించనండి."

"తాళం వేయించమంటావా అయితే?"

"వేయించుకోండి. మళ్లీ కాలాక బతికి ఉంటే గదండీ తాళం సంగతి," అంది పల్లాలమ్మ. వైరు పీకేసి బ్యాటరీని ఇసక బకెట్లో పడేసింది.

ఈలోగా పేరయ్య అనే రైతు వేళ్లు మడుస్తున్నాడు. "అందరం పోయిన దసరాకే గదండీ కొన్నాం? రోజుకోసారి ఎగిరినా మూడొందలు దాటదు. ఏడొందలేంటండి రాజుగారూ? తమరికున్నవి రెండు చెరువులే గదా!"

అవతలివాడి చెరువులోకి తొంగిచూడటం ఆ ఊళ్లో మహాపాపం. దిష్టి తగిలి రొయ్య చచ్చి తేలిపోతుందని, రొయ్యలు పట్టే పట్టుబడి రోజున చెరువు చుట్టూ పరదాలు కడతారు. ఆ పరదాల మీంచి రాజుగారి డ్రోన్ దసరా నుంచీ ఎవరికెంత పండిందో చూసొస్తోందన్నమాట!

"మరి నీదెంతో చెప్పించు!" అని అరిచాడు రాజు.

పేరయ్యది ఐదువందల పది. అతని బావమరిదిది నాలుగువందల ఎనభై. పంతొమ్మిదీ చదివించారు. మూడువందల లోపు ఉన్నది ఒక్కటీ లేదు. మూడింటికి అందరూ తలలు దించుకుని ఎవరి బ్యాటరీ వాళ్లు పట్టుకుపోయారు. తాళం మాట ఎవరూ ఎత్తలేదు.

పల్లాలమ్మ గెలిచింది. మర్నాడు షెడ్డుకి పురుగు కూడా రాలేదు.

అందరూ పాత బోర్డులు బయటికి తీసి, తలుపులు వేసుకుని, ఇళ్లలోనే ఛార్జింగ్ పెట్టుకుంటున్నారు. నాలుగోరోజు పేరయ్య ఇంట్లో పరుపు తగలబడింది. ఆ మధ్యాహ్నమే పల్లాలమ్మ బస్సెక్కి వకుళ దగ్గరికి వెళ్లింది.

"దాని మాట నా చెవికి ఒక్కదానికే వినపడేలా చెయ్యండి మేడమ్."

"అందరికీ తెలిస్తేనే కదా జాగ్రత్తపడతారు?"

"తెలిసిందండి. తెలిసే పరుపుల మీద పెట్టుకుంటన్నారు."

వకుళ స్పీకరు పీకేసింది. పల్లాలమ్మ చెవికి చిన్న ఇయర్‌ఫోన్ వచ్చింది.

వారం తిరిగేలోగా ఊరంతా మళ్లీ షెడ్డుకొచ్చింది. పల్లాలమ్మ తగిలిస్తుంది, వింటుంది, బాగుంటే గూట్లో పెడుతుంది. బాగోకపోతే "ఇది మార్చండి" అంటుంది, అంతే. అంతకుముందు రెండేళ్లు ఉబ్బినవి మార్చమని, మంట లేస్తుందని కాళ్లావేళ్లా పడితే ఒక్కడూ విన్న పాపాన పోలేదు. ఇప్పుడు ఎందుకని అడిగినవాడు లేడు. అడిగితే పదిమందిలో అంకె చెబుతుందేమోనని భయం.

షెడ్డు కాలితే భయపడని ఊళ్లో మూడునెలల్లో పాత బ్యాటరీ అన్నది లేకుండా పోయింది. అందరికంటే ముందు వెంకటపతిరాజు వచ్చాడు, ఎవరూ అడక్కుండానే రెండు కొత్త బ్యాటరీలు పట్టుకుని. అటూ ఇటూ చూసి గొంతు తగ్గించాడు.

"పల్లాలమ్మగారూ, ఇకనుంచి నెలకోసారి కొత్తవే తెచ్చిస్తానండి. ఆ పేరయ్యది మాత్రం ఈమధ్య ఎంతకొచ్చిందో కాస్త చెబుతారా?"