పెళ్లి డబ్బాలో సినిమా

పుష్పలత వాకిలి ఊడుస్తుండగా వీధి చివర పోలీసు జీపు ఆగింది. చేతిలో చీపురు జారిపోయింది. పోయిన వారమే ఏవో నక్సలైట్ల క్యాసెట్లు దొరికాయని పక్క వీధి దూలయ్యను ఇలాగే తీసుకుపోయారు. అప్పటినుంచీ జూలూరుపాడులో ఎవరికీ కంటిమీద కునుకు లేదు.

ఈ ఇంట్లోనేమో బీరువా నిండా క్యాసెట్లే! భర్త వీరబాబు పెళ్లిళ్లకు వీడియో తీస్తాడు. మధిర కుర్రాళ్లో, అశ్వారావుపేట టీచర్లో కిరాయి కెమెరాతో తీసిన, ఎవరికీ పట్టని సినిమాలన్నీ పోగేస్తాడు. ఎన్నిసార్లు పిలిచినా పుష్పలత ఒక్కటీ చూడలేదు. వాటిలో ఒకటి చెక్క తుపాకులతో అడవిలో తిరిగే దొంగల కథ.

"అవి చెక్కవని పోలీసోళ్లకు ఎవరు జెప్తరు దేవుడా!"

లోపలికి పరుగెత్తింది. 'దొంగల సినిమా' అని రాసిన డబ్బాలోంచి క్యాసెట్ లాగి నీళ్ల పొయ్యిలో కుక్కింది. ఆమె వాకిట్లోకి వచ్చేసరికి జీపు వెళ్లిపోయింది. తాగే నీళ్ల కోసం ఆగారట, అంతే.

కాలిన వాసనకు వీరబాబు లేచి వచ్చాడు. "ఏం కాల్చినవ్ పుష్పా?"

"నీ దొంగల సిన్మా! నిన్ను గుంజుకపోతే నేనేం గావాలె? ఆ పిచ్చి సిన్మాలల్ల ఏమున్నదయ్యా?"

వీరబాబు పొయ్యిలోకి వంగి చూశాడు. "అది మన పెండ్లి క్యాసెట్. నాకూ భయమైంది. పెండ్లి డబ్బా ఎవరూ ముట్టరని దొంగల సిన్మాను అండ్ల పెట్టి, పెండ్లి క్యాసెట్‌ను దొంగల డబ్బాల పెట్టిన."

పుష్పలత కట్టెతో పొయ్యి కెలికింది; నల్లటి ముద్ద తప్ప ఏమీ మిగల్లేదు. నిరుడు పోయిన తల్లి సీతారావమ్మ కనబడేది ఆ ఒక్క క్యాసెట్‌లోనే. ఇంట్లో ఫొటో కూడా లేదు.

"నా చేతులతోనే అమ్మను పోగొట్టుకున్న!"

వీరబాబు బీరువా తెరిచాడు. పెళ్లి డబ్బాలోని క్యాసెట్ పెట్టి టీవీ వేశాడు. తెరమీద దొంగలు ఈ ఇంటి వాకిట్లోకే వచ్చారు. అరుగు మీద సీతారావమ్మ! దొంగకు చెంబుతో నీళ్లిచ్చి, కెమెరా సంగతే మరిచి, "జల్దీ తాగు బిడ్డా, ఎండల తిరగకు" అంది.

"నువ్వు పత్తి ఏరబోయిన రోజు తీసిండ్రు," అన్నాడు వీరబాబు. " ఆర్టిస్టులకు పైసల్లేక ఎవరు కనబడితే వాళ్లనే నిలబెట్టిండ్రు. పెద్ద సిన్మాలల్ల మనోళ్లుంటరా? గందుకే దాచుకుంట."

పుష్పలత వెక్కివెక్కి ఏడ్చింది. "మల్ల ఎనక్కి తిప్పవయ్యా" అంది.

అంతలో వీధిలో మళ్లీ జీపు చప్పుడు. ఆమె గభాలున లేచింది. అయినా పొయ్యి వైపు చూడలేదు. క్యాసెట్ తీసి కొంగులో చుట్టి, గుండెలకు హత్తుకుంది.