పావు దగ్గర ఆగిన ముల్లు

పాత కార్ల సామాన్లు అమ్మే పెద్దమనుషులారా, నన్ను మోసగాడిగా నిలబెట్టింది మీరు. పెట్రోలు ట్యాంకులో తేలుతూ మీటరు ముల్లును కదిపే బుడ్డి, దానికో తీగ, రెండూ పెట్టెలో పెట్టి పంపారు. ఎలా అమర్చాలో ఒక్క ముక్క రాయలేదు. సిగ్గుండాలి.

మూడు వారాల కింద కొండదారిలో, జోరు వానలో, నా కారు ఆగిపోయింది. నా కన్నా ముప్పయ్యేళ్లు పెద్దదైన రెండు సీట్ల స్పోర్ట్స్ కారు. మీటరు ముల్లు పావు ట్యాంకు చూపిస్తోంది. పక్క సీట్లో లౌరి. రాతిగోడలు కట్టే పిల్ల. చేతులు గరుకు, మాట ఇంకా గరుకు.

"పెట్రోలు అయిపోయిందా? గెథిన్, ఈ ఎత్తు మా తాతల కాలంలోనే పాతబడింది."

"ముల్లు చూడు. పావుంది."

"ముల్లు నీది. నువ్వెలా చెబితే అలా చూపిస్తుంది."

వానలో నాలుగు మైళ్లు నడిచాం. తను ముందు, నేను వెనక. ఆ శనివారం నన్ను వాళ్ల నాయనమ్మకు చూపించాల్సింది. మానేసింది.

చివరికి మొన్న ఆదివారం మా వాకిట్లోకి వచ్చి నిలబడింది. అప్పుడే వాన వెలిసింది.

"ట్యాంకు ఖాళీ చెయ్. పెట్రోలు కొలిచి పోసి చూద్దాం. అబద్ధం ముల్లుదైతే నాయనమ్మ దగ్గరికి వెళ్దాం. నీదైతే ఇంక నాకు ఫోన్ చెయ్యకు."

ఖాళీ చేశాను. నలభై లీటర్ల ట్యాంకులో తనే కొలిచి పది లీటర్లు పోసింది. తాళం తిప్పితే ముల్లు మెల్లగా లేచి సరిగ్గా పావు దగ్గర ఆగింది.

లౌరి చేతి తొడుగులు జేబులో కుక్కుకుని గేటు వైపు నడిచింది.

నేను నేల చూశాను. వాన నీళ్లు కారు కింద నుంచి గేటు వైపు పారుతున్నాయి.

"లౌరీ, ఆగు. నీ వ్యానులో రసమట్టం ఉందా?"

తెచ్చి వాకిట్లో పరిచిన రాతి మీద పెట్టింది. బుడగ ఒక చివరికి పోయి కూర్చుంది.

"ఈ మీటరు నేనే సరిచేశా, ఇక్కడే," అన్నాను. "కారు ముక్కు కిందికి వాలి ఉంది. పెట్రోలు ముందుకు జారింది. బుడ్డేమో వెనక ఉంది, దానికి అందలేదు. పావు ట్యాంకు పోసినా ముల్లు లేవట్లేదని తీగ వంచి పావుకు తెచ్చా. అందుకే ట్యాంకు ఎండినా పావే చూపిస్తుంది. తప్పు నాది."

"అంటే నువ్వు మోసగాడివి కాదు."

"కాదు."

"మొద్దువి."

"అవును."

ఇద్దరం కారును ఊళ్లో చిన్న చర్చి ముందున్న చదును దాకా తోశాం. అవే పది లీటర్లు. ముల్లు సగం దాటింది. లౌరి నవ్వడం మూడు వారాల తర్వాత చూశాను.

బుడ్డి బయటికి తీశాం. తను పట్టుకుంది, నేను వంచాను.

"ఇంకొంచెం. చాలు. అతి చెయ్యకు, నీకది అలవాటు."

మళ్లీ బిగించాం. ఈసారి పావు అంటే పావే.

"శనివారం పదింటికి రా," అంది. "కొండ సంగతి నాయనమ్మకు అప్పుడే చెప్పేశా. పడీ పడీ నవ్వింది. అబ్బాయిని వదులుకోకు, కారు సంగతి చూడు అంది."

"మరి మూడు వారాలు నాకెందుకు చెప్పలేదు?"

"కోపంలో ఉన్నా."

అయ్యా అమ్మకందార్లూ, నా తప్పు నేను ఒప్పుకున్నా. మీ వంతు మిగిలింది. రేపు కట్టే మొదటి పెట్టెలోనే ఒక చీటీ వెయ్యండి: చదునైన నేల మీదే సరిచేయాలి. వచ్చే ఏడాది కాదు, రేపే.