తాళం తీసినా ఆగని కారు

కాటారం దాటాక మహదేవపూర్ దారిలో ఉన్న కల్వర్టుకు చెడ్డపేరుంది. కాంట్రాక్టరు కారు గుద్ది చచ్చిన హీర్యా దెయ్యమై అదే కారులో దూరి పగ తీర్చుకున్నాడని లారీ డ్రైవర్లు చెబుతారు. వారిలో కళ్లారా చూసినవారు ఒక్కరూ లేరు. ఆ కారు నడిపిన పోశాలు, బాగుచేసిన మెకానిక్ కరుణాకర్ నాకు చెప్పింది వేరు.

2011లో, తెలంగాణ కోసం జరిగిన సకల జనుల సమ్మె నాటి మాట. ఆ కల్వర్టు దగ్గర రాస్తారోకో మధ్య నుంచి కాంట్రాక్టరు తానే కారు ఉరికించి, తండా కూలీ హీర్యాను గుద్దాడు. నేరం మాత్రం డ్రైవరు పోశాలు నెత్తిన పెట్టాడు.

కొద్దిరోజులకు, చీకటి పడే వేళ, ఇద్దరూ ఆ దారినే వస్తున్నారు. ఈసారి నడుపుతున్నది పోశాలు.

"రేపు ఠాణల 'నేనే నడిపిన' అని చెప్పాలె. యాది మరువకు," అన్నాడు కాంట్రాక్టరు.

"సరే సారూ... హీర్యా పొద్దుగాల దవాఖానల పానం ఇడిసిండంట."

కాంట్రాక్టరు ఏసీ ఇంకా పెంచాడు.

కల్వర్టు వచ్చింది. డాష్‌బోర్డు వెనక — స్‌స్‌స్... ఎవరో పళ్ల సందున ఊపిరి పీలుస్తున్నట్టు. ముఖానికి కొడుతున్న ఏసీ గాలి ఆగిపోయి ముందరి అద్దం మీదికి మళ్లింది. చల్లబడిన అద్దం బయటి ఉక్కకు తెల్లగా మసకేసింది. దారి మాయమైంది.

"ఆపురా!"

పోశాలు బ్రేకు వేసి, తాళం తిప్పి, బయటికి తీసి చూపించాడు. ఇంజను — ఆగలేదు.

"సారూ... గాలి పట్టినట్టుంది."

కాంట్రాక్టరు తలుపు తోసుకుని బయటపడ్డాడు. "హీర్యా! పోశాలు గాదు... నేనే నడిపిన! నన్నిడువు!"

కల్వర్టు అవతల ఆ వేళా రాస్తారోకోకు కూర్చున్న జనమంతా విన్నారు. హీర్యా భార్య కమ్లీ ముందుకు వచ్చింది.

"ఇంకోపారి చెప్పు దొరా. జర గట్టిగ."

చెప్పాడు, ఏడుస్తూ. గేరులో బిగించి క్లచ్చి వదిలేసి పోశాలే ఇంజనును నిలిపాడు.

ఆ పాత డీజిల్ కారులో ఏసీ గాలికి దారి మార్చే మూతలనూ, ఇంజనును ఆపే మీటనూ కదిలించేది ఒకే వాక్యూం, అంటే గాలి పీల్చేసిన గొట్టాల లాగుడు. అది పోతే ఏసీ గాలి అద్దం మీదికి మళ్లుతుంది, తాళం తీసినా ఇంజను ఆగదు. మరునాడు కరుణాకర్ కొలతముల్లున్న చిన్న పంపుతో గొట్టాలను విడివిడిగా పరీక్షించాడు. అన్నిటా ముల్లు నిలిచింది. ఏసీ గొట్టం దగ్గర జారిపోయింది. రబ్బరు చిట్లలేదు, ఎలుక కొరకలేదు. డ్రైవరు మోకాలి పక్కన, జాయింటు నుంచి ఊడి వేలాడుతోంది.

మెకానిక్కుల భాషలో గాలి పట్టడమంటే గొట్టంలోకి గాలి చొరబడటం. కాంట్రాక్టరు చెవికి ఆ మాట వేరేగా వినబడింది.

"ఊడిందా, పీకినవా?" అడిగాడు కరుణాకర్.

"జైలుకు పోయేటోన్ని నేను, అన్నా. పగ నాకుండదా?"

ఇక మిగిలింది దెయ్యం సంగతి. 2014 జూన్ 2న, రాష్ట్రం ఏర్పడిన రోజు, ఆ తండాలో జెండా ఎగరేసింది చంకకర్ర మీద నిలబడిన హీర్యాయే.