పార్టనర్‌కి తెరిచిన ప్రింటర్

"సిప్పీఘాట్ కొబ్బరికాయలు దిగాయా?"

ఫోన్‌లో ఆ మాట వినగానే జాహ్నవి లేచి గది తలుపు మూసింది.

"దిగాయి. నీళ్ళు తక్కువ," అంది కోడ్ ప్రకారం.

అవతల ఉన్నది నిఘా విభాగం చీఫ్. డెలానీపూర్‌లో ఓడలకు కూరగాయలు, రేషన్ సప్లై చేసే చిన్న కంపెనీలో జాహ్నవి కంప్యూటర్లు చూసుకునే మేడమ్. అసలు ఉద్యోగమేమిటో కన్నతల్లికి కూడా తెలియదు.

"రిపోర్ట్."

"పార్టనర్ కంపెనీ మళ్ళీ అడిగింది సార్. విదేశంలోని వాళ్ళ ఆఫీసు నుంచి నేరుగా మా ప్రింటర్ మీద లేబుళ్ళు కొడతారట. పాస్‌వర్డ్ వద్దు, ఫైర్‌వాల్ వద్దు, పోర్టు బార్లా తెరిచి పెట్టమంటున్నారు. ఈమెయిల్ చేయండి, మేమే తీసిపెడతాం అంటే వినడం లేదు."

"వినరు. వాళ్ళకి కావలసింది లేబుళ్ళు కాదు, ప్రింటర్ మెమరీలో ఉండే ఆర్డర్లు. నేవీ ఓడకి ఎంత బియ్యం వెళ్ళిందో తెలిస్తే, అదెంత దూరం వెళ్తోందో తెలిసిపోతుంది. తలుపు తెరువు. కానీ మన ఇంటి తలుపు కాదు."

"లంచ్ రూంలో పాత ప్రింటర్ పెట్టాను సార్. లైన్ వేరు. మెమరీలో అన్నీ దొంగ ఆర్డర్లే."

"గుడ్. వాళ్ళు లోపలికొచ్చాక పది నిమిషాలు లైన్ తెగకూడదు. ఎక్కడ కూర్చున్నారో పట్టేస్తాం. పార్టనర్ తరఫున వచ్చే సౌమ్య మన మనిషే, రెండేళ్ళుగా ఆ గూఢచారుల రింగులో ఉంది. ఉచ్చు సంగతి మాత్రం ఆమెకి చెప్పలేదు. నువ్వూ చెప్పకు."

"పైడిబాబు?"

"బోటు తీశాడు. రింగు నుంచి పారిపోయి వస్తున్న మనిషిని సాయంత్రం సముద్రంలో ఎక్కించుకుంటాడు. ఆ చోటు వాళ్ళకి తెలిసిందో, ఇద్దరూ తిరిగి రారు."

ఫోన్ పెట్టేసి జాహ్నవి కిటికీలోంచి సముద్రం వైపు చూసింది. చేపల వేట మానేసి ఈ పనిలోకి రమ్మని పైడిబాబుని ఒప్పించింది తనే. అతనికేమైనా అయితే అతని భార్య ముఖం ఎలా చూడాలి?

మూడింటికి సౌమ్య వచ్చింది. లేత నీలం పట్టుచీర, నల్లకళ్ళద్దాలు, గదంతా పరిమళం. ఓనర్ వెంకటాచలం గారు కుర్చీలోంచి లేచి మరీ ఎదురెళ్ళారు. ఎవరేమడిగినా కాదనడం ఆయన జాతకంలోనే లేదు.

"పార్టనర్ అడిగాక ఇంకా ఆలస్యమేమిటమ్మా జాహ్నవీ? తెరిచెయ్."

జాహ్నవి తన టిఫిన్ క్యారియర్‌ని లంచ్ రూంలోని పాత ప్రింటర్ పక్కన పెట్టింది. పై గిన్నెలో పులిహోర, కింది గిన్నెలో రూటర్. కీ నొక్కింది. సౌమ్య లాప్‌టాప్ మీద పచ్చ గీత కదలడం మొదలైంది. అవతలివాళ్ళు లోపలికి వచ్చేశారు. పాత ఫైళ్ళ నుంచి మొదలుపెట్టి, వరుసగా లాక్కుంటున్నారు.

సరిగ్గా అప్పుడే పైడిబాబు భార్య బేబీరాణి చేపల సంచీతో గుమ్మంలోకి వచ్చింది.

"సార్, పొద్దున్న కాగితం కొట్టిచ్చినారు గదా, వంజరం తెచ్చినాను. ఫ్రెష్ హై."

"ఎందుకమ్మా ఇవన్నీ!" అన్నారు వెంకటాచలం గారు ముఖం వెలిగిపోతుంటే. "జాహ్నవీ, నువ్వు బజారుకెళ్ళినప్పుడు పెద్ద ప్రింటర్‌లో పేపర్ ఇరుక్కుంది. పాపం వెనక్కి పంపడమెందుకని ఇందులో కొట్టిచ్చాను. పైడిబాబు పాయింట్ల కాగితం."

అంటే ఆ కాగితం ఇప్పుడు ఈ ప్రింటర్ మెమరీలోనే, అన్నిటికంటే చివర ఉంది. జాహ్నవి పచ్చ గీత వైపు చూసింది.

"పాయింట్లంటే?" సౌమ్య కళ్ళద్దాలు తీసింది.

"జీపీఎస్ పాయింట్లు దీదీ. మావోళ్ళు దూరం ఎల్తే ఎక్కడికెల్తన్నారో ఇంట్లో కాగితం ఎట్టి ఎల్తారు. మనిషి రాపోతే ఎక్కడ ఎతకాలో తెలాలి గదా. మా ఆయన ఎవులికీ సెప్పొద్దన్నాడు గానీ, కాగితం లేకపోతే నాకు నిద్ర పట్టదు, ఏటి సేయను?"

సౌమ్య మెత్తగా నవ్వింది. "మీ ఆయన ఈరోజు ఎటు వెళ్ళాడు దీదీ? తీరానికి దగ్గరేనా?"

అడుగుతూనే లాప్‌టాప్ మీద టకటకా ఏదో కొట్టి పంపింది. మన మనిషైతే వినీ విననట్టు ఊరుకోవాలి. ఈమె ఆరా తీస్తోంది, ఆ కబురు అవతలికి మోస్తోంది. చీఫ్ రెండేళ్ళుగా పాముకి పాలు పోస్తున్నాడని జాహ్నవికి అర్థమైంది.

పైడిబాబుకి ఫోన్ చేద్దామంటే సముద్రంలో సిగ్నల్ ఉండదు. స్విచ్ ఆపితే మెమరీ చెరిగిపోతుంది, లైనూ తెగుతుంది, రింగు మాయమైపోతుంది. ఆపకపోతే పైడిబాబు పోతాడు. ఆపేద్దామనే చెయ్యి చాచింది కూడా.

చేయి స్విచ్ దాకా వెళ్ళి ఆగింది. ఈ పాత ప్రింటర్ ఇరవై ప్రింట్లకి మించి గుర్తుంచుకోలేదు. కొత్తది వస్తే అన్నిటికంటే పాతది పోయి, దాని చోట అది కూర్చుంటుంది.

"అక్కా, మీ పాప డాన్సు ఫొటోలున్నాయన్నారు కదా? ప్రింట్ తీసిస్తాను, ఫోన్ ఇలా ఇవ్వండి," అంది బేబీరాణితో.

"ఫ్రీయేనా దీదీ?"

"ఫ్రీయే."

"అయితే మొత్తం కొట్టెయ్ దీదీ! మరిది పెళ్ళి కూడా ఉంది!"

ప్రింటర్ గుర్రుమంది. పాప డాన్సు. పాప ఏడుపు. కొత్త బోటుకి పసుపు రాయడం. మరిది పెళ్ళిలో భోజనాల బంతి. ప్రింటర్ చిన్న తెర మీద బేబీరాణి కాగితం ఒక్కో మెట్టే కిందికి జారుతోంది. అవతల పచ్చ గీత కూడా దానివైపే వస్తోంది.

"ఏమిటిదంతా?" సౌమ్య గొంతులో కోపం. "ఆపండి!"

"మీరే ఆపండి మేడమ్, స్విచ్ అక్కడే ఉంది," అంది జాహ్నవి.

సౌమ్య ఆపలేదు. ఆపితే ఆమె పనీ చెడుతుంది.

ఇంకొక్కటే మిగిలింది. ప్రింటర్ కీచుమని ఆగిపోయింది. పేపర్ అయిపోయింది.

జాహ్నవి పేపర్ కోసం అలమారా లాగింది. తాళం వేసి ఉంది, చెవి ఎక్కడో. పచ్చ గీత చివరికొచ్చేసింది.

"అయ్యో, దానికేముంది! ఆడపిల్ల మనసు కష్టపెట్టుకుంటుంది," అంటూ వెంకటాచలం గారు తన బల్ల మీది ఖరీదైన లెటర్‌హెడ్ తెచ్చి ట్రేలో తోశారు.

ప్రింటర్ కదిలింది. బేబీరాణి అత్తగారు వంజరం చేపని ఎత్తి పట్టుకున్న ఫొటో, కంపెనీ పేరు కింద రంగుల్లో బయటికొచ్చింది. పాయింట్ల కాగితం తెర మీంచి జారిపోయింది. ఆ క్షణమే పచ్చ గీత ఆ చోటికి చేరి, అత్తగారిని పట్టుకుపోయింది.

జాహ్నవి ఫోన్ వణికింది. చీఫ్ మెసేజ్: "దొరికారు. విదేశం కాదు, మన ఊళ్ళోనే డాలీగంజ్‌లో అద్దె ఇల్లు."

ఆమె మూడు మాటలు తిరిగి కొట్టింది: "సౌమ్య వాళ్ళ మనిషే."

సౌమ్య అప్పటికే లాప్‌టాప్ మూసి, చెప్పకుండా మెట్లు దిగుతోంది. వీధి మలుపులో చీఫ్ మనుషుల తెల్ల జీపు ఆమె ముందు ఆగింది, తలుపు తెరుచుకుంది. జాహ్నవి కిటికీలోంచి చూసి టిఫిన్ క్యారియర్ మూత పెట్టింది.

చీకటి పడ్డాక బేబీరాణి ఫోన్. "వచ్చేసినాడు దీదీ! కొత్త మనిషినెవరినో తెచ్చినాడు, ఇద్దరికీ అన్నం ఎట్టినాను." జాహ్నవి బాత్రూంలోకి పోయి, కుళాయి తిప్పి, తనివితీరా ఏడ్చింది.

బయటికొచ్చేసరికి వెంకటాచలం గారు చల్లారిపోయిన టీ కప్పు వైపు దిగులుగా చూస్తున్నారు.

"అదేమిటమ్మా, పార్టనర్ టీ కూడా తాగకుండా వెళ్ళిపోయింది? మనవల్ల ఏమైనా లోపం జరిగిందా?"

"లేదు సార్," అంది జాహ్నవి ముఖం తుడుచుకుంటూ. "వాళ్ళు అడిగిన దానికంటే ఎక్కువే ఇచ్చాం."